నా చిన్ననాటి కష్టం నా పాపకు తగులుతుందా?

కడప జిల్లా పల్లె నుండి 23 ఏళ్ళ సోదరి ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఎవరో తెలిసే వివరాలు తీసివేసి సారాంశం మాత్రం ఇస్తున్నాము. ఆమెకు మూడేళ్ళప్పుడు, శెనక్కాయ పంట వరుసగా ఎండిపోయి మీద పడిన అప్పు తీర్చడానికి, తల్లి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళారు. తండ్రి తాగి వచ్చి కొట్టేవాడు. అవ్వ పెంచింది. తల్లి ఏళ్ళ తరబడి గడిచాక ఒకసారి వచ్చి, కొన్ని వారాలు ఉండి, పిల్ల దగ్గరయ్యే సమయానికి మళ్ళీ వెళ్ళిపోయేవారు. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. భర్త బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తారు. వారంలో మూడు నాలుగు రాత్రులు తాగి వస్తారు. ఏడో నెల గర్భంతో ఉన్నప్పుడు ఒక రాత్రి జరిగిన గొడవలో ఆమెను గోడకు తోశారు.

పుట్టింట్లో చూసుకునేవారు లేక తొలి కాన్పు కూడా అత్తగారింటి నుండే జరిగింది. పాప 37 వారాలకు, 2.1 కిలోల బరువుతో పుట్టింది. ఇప్పుడు నాలుగున్నర నెలలు. పదో వారం టీకా నాడు 3.9 కిలోలు, పద్నాలుగో వారం 4.6 కిలోలు ఉన్న పాప, మొన్న అంగన్‌వాడీలో తూస్తే 4.8 కిలోలే ఉంది. తల్లికి పాలు చాలడం లేదని అత్తగారు నెలన్నరగా ప్యాకెట్ పాలలో సగం నీళ్ళు కలిపి సీసాతో పడుతున్నారు. ఈలోగా రెండుసార్లు విరేచనాలయ్యాయి. "పాప ఏడిస్తే నా చేతులు చల్లబడిపోతాయి. మంచం మీద పడుకోబెట్టి మిద్దె మీదికి వెళ్ళి నిలబడతాను. మా అమ్మ నన్ను వదిలినట్టే నేనూ దీన్ని వదిలేస్తానేమో" అని రాశారు. తన బాల్యమూ, ఆ గొడవలూ పాపను ఇలా చేశాయా, తాను తల్లిగా పనికిరానిదా, ఇక్కడే ఉండాలా, అవ్వ దగ్గరకు వెళ్ళాలా, లేక తల్లి చెప్పినట్టు పాపకు ఏడాది నిండాక అవ్వకు అప్పగించి కువైట్‌కు వెళ్ళాలా అని అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలకంటే ముందు, అడగకుండా ఒక మూలకు రాసిన వాక్యానికి జవాబు చెప్పాలి. "నేను లేకపోతేనే పాప బాగుంటుందేమో అని ఈ మధ్య అనిపిస్తోంది" అన్నారు. అది మీ గుణం కాదు, కాన్పు తరువాత వచ్చే కుంగుబాటులో కనిపించే లక్షణం. ఆ ఆలోచన వచ్చిన రోజే దానిని ఇంకొక మనిషికి చెప్పాలి. 14416 అనే టెలిమానస్ నంబరుకు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ ఆలోచన బలపడినా, పాపకు ఏదైనా చేసేస్తానేమోనన్న భయం కలిగినా, మిద్దె ఎక్కకుండా పాపను అత్తగారి చేతికిచ్చి, ఒంటరిగా ఉండకుండా, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళండి. దీనికి మాత్రం రెండో దారి లేదు. మిగిలిన వాటన్నిటికీ దారులున్నాయి, వాటి మంచిచెడ్డలు చెబుతాను, ఎంచుకోవలసింది మీరే.

కాన్పైన మొదటి పది పదిహేను రోజులలో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, దానంతట అదే పోతుంది. నాలుగున్నర నెలలకు కూడా నిద్ర పట్టక, బిడ్డ ఏడుపుకు కాళ్ళూ చేతులూ ఆడక, తాను పనికిరానిదాన్నన్న భావం వదలకపోతే అది వైద్యం అవసరమైన స్థితి. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి 2017లో లెక్క చూసినప్పుడు బాలింతలలో సుమారు 22 శాతం మందిలో ఈ కుంగుబాటు కనిపించింది. అంటే మీ వీధిలో ఈ ఏడాది కాన్పైన ఐదుగురిలో ఒకరికి ఉండవచ్చు, ఎవరూ పైకి చెప్పరు. వైద్యులు 1987 నుండి వాడుతున్న ఎడిన్‌బరో ప్రశ్నావళి అని ఒకటుంది, పదే ప్రశ్నలు. చివరి ప్రశ్న మీరు ఆ మూలకు రాసిన సంగతి గురించే. కడప సర్వజన ఆసుపత్రిలో, అదే మనం రిమ్స్ అని పిలిచేదానిలో, మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్ళినప్పుడు రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూడమనండి, ఎందుకంటే రక్తహీనత, కాన్పు తరువాత వచ్చే థైరాయిడ్ తేడా కూడా మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి. మందులు అవసరమైతే, పాలిస్తూనే వాడదగినవి ఉన్నాయి. పాలిస్తున్నానని ముందే చెప్పండి.

ఇక మీ బాల్యం సంగతి. 1998లో అమెరికాలో ఫెలిట్టి, అండా అనే వైద్యులు శాన్‌డియాగో ప్రాంతపు పెద్దవారిని చిన్ననాటి కష్టాల గురించి అడిగి ఒక అధ్యయనం ప్రచురించారు. దెబ్బలు, ఇంట్లో తాగుడు, తల్లి మీద హింస వంటి అనుభవాలు ఎక్కువైన కొద్దీ పెద్దయ్యాక గుండెజబ్బు, కుంగుబాటు, వ్యసనాలు పెరిగినట్టు తేలింది. ఆ తరువాత వచ్చిన పరిశోధనలు, అటువంటి బాల్యం గడిపిన స్త్రీలకు నెలలు నిండని కాన్పులు, తక్కువ బరువు బిడ్డలు కొంత ఎక్కువని చూపాయి. ఇదంతా ఎక్కడో చదివి మీరు భయపడి ఉంటారని నా అనుమానం. అయితే ఇవి వేలమందిని కలిపి చూసిన లెక్కలు. చిన్నప్పుడు ఎన్నో పడి, ఆరోగ్యంగా పెరిగిన బిడ్డలను కన్నవారు ఆ లెక్కలలోనే పెద్ద సంఖ్యలో ఉన్నారు.

ఒక విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. గర్భిణిని కొట్టడం, తోయడం, నిత్యం భయంలో ఉంచడం వల్ల ముందస్తు కాన్పు, తక్కువ బరువు ప్రమాదాలు పెరుగుతాయని అనేక దేశాలలో తేలింది. భయంలో ఉన్న శరీరం కార్టిసాల్ వంటి హార్మోన్లను ఎక్కువగా విడుదల చేస్తుంది, నిద్ర చెడుతుంది, తిండి తగ్గుతుంది, కడుపు మీద దెబ్బ తగిలితే మాయకే ప్రమాదం. మీ పాప విషయంలో రక్తహీనత వాటా ఎంత, భయం వాటా ఎంత అని విడదీయడం ఎవరి వల్లా కాదు. కానీ ఆ రాత్రికి జవాబుదారీ తోసినవారు, తోయబడినవారు కాదు. "గొడవ నేనే పెంచానేమో" అని మీరు రాసిన మాటను కొట్టివేయండి.

నేను ఎన్నో ఏళ్ళుగా ఈ జిల్లాల పిల్లలను చూస్తూ గట్టిగా నమ్మిన సంగతి ఒకటి ఉంది. తల్లి పడిన పాత కష్టం బిడ్డ దగ్గరకు నేరుగా రాదు, ఇప్పటి ఇంటి గుండా వస్తుంది. తల్లికి రాత్రి నిద్ర లేకపోవడం, అందరూ తిన్నాక మిగిలిన సంగటి తినడం, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడడం, ఏడ్చే బిడ్డను పది నిమిషాలు ఎత్తుకొనే మరో మనిషి లేకపోవడం, టీకా నాడు తోడు లేక వాయిదా పడడం, ఇవీ ఆ దారులు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న మన ఆనవాయితీ ఇందుకే ఏర్పడి ఉంటుంది: నెలల పాటు తల్లికి నిద్ర, వేళకు తిండి, బిడ్డకు మరో రెండు చేతులు దొరికేవి. మీ బాల్యంలో పోయినది ఏమిటంటే, ఈ రోజు మీకు అక్కరకు రావలసిన ఆ పుట్టిల్లు. పాతదానిని ఎవరూ తిరగరాయలేరు, కానీ ఆ నిద్రనూ తిండినీ చేతులనూ ఇప్పుడు వేరే చోటు నుండి సమకూర్చవచ్చు. నేను చెప్పబోయే దారులన్నిటినీ ఈ ఒక్క కొలతతోనే చూడండి.

ముందుగా పాప బరువు. నాలుగు నెలల ప్రాయంలో బిడ్డలు సామాన్యంగా వారానికి నూరు గ్రాములు, ఆపైన పెరుగుతారు. మీ పాప ఆరు వారాలలో రెండు వందల గ్రాములే పెరిగింది. చిన్నగా పుట్టడం దీనికి సమాధానం కాదు, ఎందుకంటే పద్నాలుగో వారం దాకా ఆమె తన దారిలో బాగానే పెరిగింది. నీళ్ళు కలిపిన పాలు వచ్చాకే ఆగింది. సగం నీళ్ళు పోసినప్పుడు కడుపు నిండుతుంది, శక్తి సగమే అందుతుంది. కడుపు నిండిన బిడ్డ రొమ్ము తక్కువసేపు చప్పరిస్తుంది. చప్పరింపు తగ్గితే పాల ఉత్పత్తి తగ్గుతుంది. అప్పుడు పాలు చాలడం లేదన్న మాట నిజమవుతుంది. సీసా ద్వారా చేరిన క్రిములతో విరేచనాలు వచ్చి ఉన్న బరువు కూడా పోతుంది. మన పల్లెలలో పసిబిడ్డలు చిక్కిపోయే దారి ఎక్కువసార్లు ఇదే.

భయంతో పాలు ఇంకిపోతాయని మీకు ఎవరో చెప్పారు. పాలు ఊరడం ఆగదు. భయమూ ఆందోళనా ఉన్నప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోను సరిగా విడుదల కాక, ఉన్న పాలు దిగడానికి ఆలస్యమవుతుంది, బిడ్డ విసిగి ఏడుస్తుంది, మీకు చేతులు చల్లబడతాయి. తలుపు వేసుకొని, పాపను బట్టలు తీసి మీ ఒంటికి ఆనించుకొని కొంతసేపు కూర్చున్న తరువాత పట్టి చూడండి. రోజుకు ఎనిమిది నుండి పన్నెండు సార్లు, రాత్రి కూడా, రెండు వైపులా పట్టాలి. పై పాలు ఇంకా అవసరమా, ఏవి, ఎంత అన్నది పాపను తూచి చూసిన పిల్లల వైద్యుడు నిర్ణయించాలి. ఏవి పట్టినా సొంతంగా నీళ్ళు పలుచన చేయకూడదు, సీసా మాని ఉగ్గుగిన్నె వాడాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, గుండె లోపం వంటివి కూడా బరువును ఆపగలవు కనుక ఈ వారమే చూపించండి. పాప నీరసంగా పడి ఉన్నా, పాలు పట్టకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా ఆ పూటే వెళ్ళాలి.

అత్తగారితో ఈ విషయం పోట్లాటగా మారనివ్వకండి. ఆకలిగా ఏడ్చే పిల్లను చూసి తనకు తెలిసిన పని చేశారు. మీరు చెబితే కోడలి మాట అవుతుంది, తూకం కార్డు పట్టుకొని అంగన్‌వాడీ టీచరో, ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తో చెబితే పాప మాట అవుతుంది. ఆ కార్డులో గీత ఎక్కడ వంగిందో, సీసా ఎప్పుడు వచ్చిందో వారినే చూపించమనండి. అదే సమయంలో ఆవిడకు పని ఇవ్వండి: నలుగు, స్నానం, తెల్లవారుజామున పాల తరువాత రెండు గంటలు పాపను ఎత్తుకోవడం, మీరు నిద్రపోవడం. ఈ ఇంట్లో మీకు దొరకగల రెండో జత చేతులు ఆమెవే. ఆరు నెలలు నిండకముందు జావ పెడదామంటే మాత్రం వద్దని చెప్పించండి. నిండాక రాగి జావ, మెత్తని పప్పన్నం, నూనె చుక్కతో మొదలుపెడుతూ, రెండేళ్ళ దాకా పాలు కొనసాగించవచ్చు.

తల్లిగా పనికిరానా అన్న ప్రశ్న దగ్గర నేను కొంచెం ఆగాలి. 1980లలో కాలిఫోర్నియాలో మేరీ మెయిన్ అనే మనస్తత్వవేత్త తల్లిదండ్రులను తమ బాల్యం గురించి చెప్పమని అడిగి, వారి మాటల తీరును వారి పిల్లల భద్రతా భావంతో పోల్చి చూశారు. బాల్యం ఎంత చెడ్డదన్న దానికంటే, దానిని ఎంత పొందికగా, దాచకుండా, కొట్టుకుపోకుండా చెప్పగలుగుతున్నారన్నది ముఖ్యమని తేలింది. చెడ్డ బాల్యాన్ని కూడా అలా చెప్పగలిగినవారి పిల్లలు ఎక్కువగా తల్లి మీద నమ్మకంతో, ధీమాగా ఉన్నారు. మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. అమ్మ ఎందుకు వెళ్ళిందో, వెళ్ళినందుకు మీకు ఎంత కోపమో, ఆమె పంపిన డబ్బుతోనే అవ్వ మీకు అన్నం పెట్టిందని ఎప్పుడు తెలిసిందో, అన్నీ ఒకే పేజీలో ఒకదానినొకటి తుడిచేయకుండా రాశారు. అది చేయగలిగిన మనిషి తన బిడ్డ మనసు చదవగలదు.

మిద్దె మీదికి వెళ్ళడం గురించి కూడా మీరు నేరంలా రాశారు. పాపను వెల్లకిలా, పడిపోని చోట పడుకోబెట్టి, ఐదు నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళి ఊపిరి తీసుకొని రావడం తప్పు కాదు, కోపంలో కుదిపేయడం కంటే ఎంతో మేలు. మిద్దె మాత్రం ఇప్పుడు వద్దు, కారణం పైన చెప్పాను. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు 1970లలో తల్లులను కొద్దిసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చోమని చెప్పి పసివారిని గమనించారు. బిడ్డలు చాలా త్వరగా కలతపడ్డారు. అయితే తల్లి మళ్ళీ పలకరించగానే తేరుకోవడం మొదలుపెట్టారు. మామూలు ఇళ్ళలో కూడా తల్లీబిడ్డల మధ్య ఎక్కువసేపు తాళం తప్పుతూనే ఉంటుందనీ, మళ్ళీ కలవడమే బిడ్డకు నమ్మకం నేర్పుతుందనీ ఆయన తరువాతి పనిలో చూపారు. మీరు కిందికి వచ్చి పాపను ఎత్తుకున్న ప్రతిసారీ ఆ పని చేస్తున్నారు.

ఇక ఎక్కడ ఉండాలన్నది. ఇక్కడే ఉండిపోతే ఆసుపత్రి, అంగన్‌వాడీ దగ్గర, అత్తగారి చేతులుంటాయి, భర్త సంపాదన ఉంటుంది. కానీ తాగుడూ గొడవా ఇలాగే సాగితే మీకు వైద్యం చేయించినా సగమే పనిచేస్తుంది, పాపకు మాటలు రాకముందే కేకల అర్థం తెలుస్తుంది. కనుక ఉండడం అనేది షరతులతో ఉండాలి. ఉదయం, తాగని వేళ, అత్తగారి ఎదుట, పాప కార్డు ముందు పెట్టి భర్తతో మాట్లాడండి. తిట్టు లేకుండా రెండే మాటలు: చెయ్యి ఇంకోసారి లేస్తే ఇంట్లో ఉండేది లేదు, తాగుడుకు వైద్యం చేయించుకోవాలి. చాలా కాలంగా ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు కాబట్టి ఒట్టు వేయించి ఊరుకోవడం కాదు, రిమ్స్‌లో చూపించాలి. ఆ మాట చెప్పడానికే భయమైతే, ఆ భయమే మీకు జవాబు: అప్పుడు మాట్లాడకండి, మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే, జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రానికి వెళ్ళండి. 2005 గృహహింస చట్టం ప్రకారం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, మిమ్మల్ని చట్టబద్ధంగా తప్ప అందులో నుండి వెళ్ళగొట్టడానికి వీలులేదు. హింస ఆపమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. కేసు పెట్టాలా వద్దా అన్నది తరువాత సంగతి. మీ హక్కు మీకు తెలిసి ఉండడం వల్లనే మీ మాట తీరు మారుతుంది.

అవ్వ దగ్గరకు కొన్నాళ్ళు వెళితే రాత్రి భయం పోతుంది, అది చిన్న లాభం కాదు. అయితే ఆమెకు మోకాళ్ళు పనిచేయవని మీరే రాశారు. అక్కడ మీరు ఇద్దరిని చూసుకోవలసి వస్తుంది, నిద్ర దక్కదు. తండ్రి ఇంకా అదే ఇంట్లో తాగుతుంటే ఒక తాగుడు నుండి ఇంకో తాగుడుకు వెళ్ళినట్టే. భర్త చెయ్యి మళ్ళీ లేస్తే మాత్రం ఆ లెక్కలేవీ వేయకుండా వెంటనే వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పాప కార్డు, ఆధార్, మీ బ్యాంకు పుస్తకం వెంట ఉండాలి. పాప ఆహారం, తూకం ఆగకుండా ఆ ఊరి అంగన్‌వాడీలో పేరు రాయించుకోండి.

కువైట్ గురించి. ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్ళు ఆ సంపాదన మీద నిలిచాయి, వెళ్ళిన తల్లులను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయినా మీ విషయంలో నా అభిప్రాయం వద్దనే. పాపకు ఏడాది నిండే వేళకు ఆమె మిమ్మల్ని గట్టిగా గుర్తుపట్టి, మీరు కనిపించకపోతే కలతపడే వయసులో ఉంటుంది; పాలు ఒక్కసారిగా ఆగుతాయి; కుంగుబాటు నయం కాకుండా పరాయి ఇంట్లో బందీలాంటి పనిలోకి వెళ్ళడం మీకే ప్రమాదం. ఇంకో సంగతి, పదో తరగతి పాస్ కాని మీకు ఇసిఆర్ పాస్‌పోర్టు, అంటే కువైట్ వంటి దేశాలకు పనికి వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన పాస్‌పోర్టు, వస్తుంది, దానితో 30 ఏళ్ళు నిండని స్త్రీలు ఇంటిపనికి కువైట్ వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి లేదు. ఏజెంటు విజిట్ వీసా మీద పంపుతానంటే, అక్కడ జీతం ఇవ్వకపోయినా, కొట్టినా అడిగే కాగితం మీ చేతిలో ఉండదు. అప్పు తీరాలంటే వేరే మార్గం వెతకాలి. పొదుపు సంఘంలో పేరుందా అన్నది మీరు రాయలేదు, లేకపోతే చేరండి.

మీరు అడగని దారి ఒకటి ఉంది: మీరు వెళ్ళడం కాదు, అమ్మ రావడం. పాపకు ఆరు నెలలు నిండకముందే, ఒక మూడు నెలల సెలవు మీద. దీనికీ ఖర్చుంది. ఆ నెలల జీతం పోతుంది, టికెట్టు డబ్బు కావాలి. ఆమె మీ పాపకు ఓపికగా గోరుముద్ద పెడుతుంటే, ఇది నాకెందుకు పెట్టలేదన్న కోపం మీకు పొంగుకు రావచ్చు. అది వచ్చినప్పుడు మీ తప్పు కాదు, ఆమెను పంపేయడానికి కారణమూ కాదు, వైద్యుడి దగ్గర మాట్లాడవలసిన విషయం. ఆమె ఉన్న ఇంట్లో అల్లుడి కేకలు తగ్గే అవకాశం కూడా ఉంది. ఫోన్‌లో "నాకు బాగాలేదు" అంటే ఆమె డబ్బు పంపుతుంది, ఇన్నేళ్ళూ ఆమెకు చేతనైన ప్రేమ అదే. అందుకని పాప బరువు అంకెలు చెప్పండి, రాత్రులు నిద్ర లేదని చెప్పండి, మిద్దె మీద వచ్చే ఆలోచన చెప్పండి, "డబ్బు వద్దు, నువ్వు రా" అని అడగండి. యజమాని పంపకపోతే, ఆమె నెలనెలా పంపేదానిలో కొంత వేరే పెట్టి, ఇంటిపనికి రోజూ రెండు పూటలా వచ్చే మనిషిని ఆరు నెలలు పెట్టుకోండి. ఆ డబ్బు దేనికో అత్తగారికి ముందే చెప్పండి, లేకపోతే అది అప్పు వాయిదాలోకి పోతుంది.